వాగు దారిలో రాజమల్లు

ఆదివారం పొద్దున్నే సూరత్ నుంచి మనుషుల్ని వ్యానులో తీసుకుపోయి, డాంగ్ అడవుల్లో ఒక కొండ ఎక్కించి, పొద్దుగూకకముందే దించి ఇళ్ళకు చేర్చడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు చేసి మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి దారుల పటం గీసిమ్మంటారు. పటం ఫోన్లో దొరుకుతుంది. ఫోన్లో దొరకని సంగతులు కొన్ని చెబుదామని ఇది మొదలుపెట్టాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. ఎక్కువ కాగితం దానికే పోతుంది.

సాంచాల మధ్య

నా పేరు శంకరయ్య. మాది కరీంనగర్ వైపు పల్లె. పద్దెనిమిదేళ్ళకు సూరత్ వచ్చి మరమగ్గాల మీద పనికి కుదిరాను. వాటిని మావాళ్ళు సాంచాలంటారు. ఒక షెడ్డులో అరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో మాటంతా పెదవులతోనే. నూలు తెగిందనీ, టీ వచ్చిందనీ, శేఠ్ వస్తున్నాడనీ పెదవులు చూసి తెలుసుకునేవాళ్ళం. పన్నెండేళ్ళకు నా చెవులు సగం పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే తెలుస్తుంది. వెనక నుంచి పిలిస్తే తెలియదు. ఫోన్లో అయితే ఏదో గొణుగుడు.

సాంచాలు వదిలేశాక జయంతిభాయ్ దగ్గర చేరాను. సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఆయనకు చిన్న ఆఫీసు, రెండు వ్యాన్లు ఉండేవి. సెలవు రోజుల్లో జనాన్ని కొండలకు తిప్పేవాడు. మొదట వ్యాను తుడవడానికి పెట్టుకున్నాడు. తర్వాత నీళ్ళ డబ్బాలు మోయమన్నాడు. తర్వాత దారి చూపమన్నాడు. చెవుల సంగతి నేను చెప్పలేదు. చెబితే మళ్ళీ షెడ్డుకు పోవాలని భయం.

మూడు దారులు

ఆ కొండకు మూడు దారులున్నాయి. కొండకింది ఊళ్ళో బడి వెనక నుంచి బయలుదేరేది అంచు దారి. ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది. టేకుచెట్ల నీడలో మెల్లమెల్లగా ఎక్కుతుంది. ఏ మలుపులో కాలు నొప్పెట్టినా కూర్చోడానికి చోటుంటుంది, సగం దూరం దాకా జీపు కూడా వస్తుంది. దక్షిణం వైపు మెట్ల దారి. అమ్మవారి గుడి దాకా మెట్లున్నాయి, గుడి దాటాక బండలు. నీడ లేదు. చలికాలం తప్ప దాని జోలికి పోవద్దు.

మూడోది వాగు దారి. రెండు గంటల్లోపు పైన ఉండొచ్చు. అందుకే అందరికీ అదే ఇష్టం. నీళ్ళు, చల్లదనం, ఫోటోలు. కానీ వాగుకు రెండు పక్కలా గట్టు నిటారుగా ఉంటుంది. ఒకసారి లోపలికి దిగితే పైకన్నా పోవాలి, వెనక్కన్నా రావాలి, మధ్యలో బయటపడే సందు లేదు. ఫోనుకు సిగ్నల్ ఉండదు. నన్నడిగితే దారి మంచి చెడ్డలు పైన కనపడే అందంతో లెక్కగట్టకూడదు. మనిషి పడిపోతే ఎంతసేపట్లో రోడ్డు మీదికి తేగలమన్నదే చూసుకోవాలి. ఈ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ నేనే ఒకరోజు దీన్ని పక్కనపెట్టాను.

సోమాభాయ్ నేర్పినది

జయంతిభాయ్ నాకు జీతమిచ్చాడు, పని నేర్పింది మాత్రం సోమాభాయ్. కొండకింది ఊరివాడు, డాంగీ మనిషి. ఆయన హిందీ, నా హిందీ రెండూ వంకరవే కాబట్టి బాగా కుదిరింది. మొదటి ఏడాదంతా నన్ను గుంపుకు అందరికన్నా వెనక నడిపించాడు. దారి చూపేవాడు ముందుండాలి గదా అంటే ఆయన నవ్వాడు.

"ముందున్నవాడు దారిని చూస్తాడు. దారి ఎటూ పోదు. మనుషుల్ని ఎవరు చూస్తారు?"

ఒకసారి ఒక గుజరాతీ ముసలమ్మ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు, కాన్వాసు బూట్లు, చేతిలో మనవడి క్రికెట్ స్టంపు. అదే గుంపులో జిమ్ముకు పోయే పాతికేళ్ళవాళ్ళు ముగ్గురు. వాళ్ళు ముందు పరిగెత్తారు, ముసలమ్మ నా ముందర అడుగులో అడుగు వేసుకుంటూ, వంటల గురించి చెబుతూనే నడిచింది. సగం దూరంలో ఆ ముగ్గురిలో ఒకడు పిక్కలు పట్టేసి కింద దొర్లుతున్నాడు. ముసలమ్మ ఆగి, వాడి కాలు రుద్ది, తన డబ్బాలోంచి ఉప్పు కలిపిన మజ్జిగ పోసి, మళ్ళీ నడిచింది. అందరికన్నా ఆఖరున పైకి చేరింది, అందరికన్నా తక్కువ అలిసింది.

ఆ రోజు నుంచి నేను మనుషుల నోరు చూడడం మొదలుపెట్టాను. సాంచాల దగ్గర నేర్చుకున్నదే. మాట్లాడుతూ నడిచేవాడు బాగున్నట్టు. మాట మధ్యలో ఆపి ఊపిరి తీసుకుంటుంటే అడుగు తగ్గించాలి. నోరు తెరిచి, ఇక మూయలేకపోతుంటే కూర్చోబెట్టాలి. పెదవుల రంగు మారితే దించేయాలి. వినపడని నాకు ఇది వినపడేవాళ్ళకన్నా బాగా పట్టుబడింది. చాలా ఏళ్ళు నేను ఎవరినీ పోగొట్టుకోలేదు. దాంతో కొంచెం పొగరు కూడా వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

సోమాభాయ్ కరోనాకు ముందే పోయాడు. ఉంటే ఆ రోజు నన్ను ఆపేవాడే.

మాస్కులు

లాక్‌డౌన్ పెట్టిన ఏడాది మా పని మొత్తం ఆగిపోయింది. లింబాయత్‌లో మా రెండు గదుల ఇంట్లో కూర్చుని కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూశాను. మావాళ్ళు ఎందరో మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు బయలుదేరారు. తర్వాత మెల్లగా అన్నీ తెరిచారు, ఎండాకాలానికి రెండో అల వచ్చింది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా వీధిలో రోజూ ఎవరో ఒకరి ఇంటి ముందు చెప్పులు పోగుపడేవి.

అది తగ్గాక జనం కొండల మీద పడ్డారు. గదుల్లో మగ్గిపోయిన వాళ్ళందరికీ ఒక్కసారి గాలి కావాల్సొచ్చింది. గుడి మూసి ఉండడంతో మెట్ల దారి బంద్. ఉన్న జనమంతా అంచు దారికి వచ్చేవారు. చెక్‌పోస్టు దగ్గర మాస్కు లేకపోతే లోపలికి వదిలేవాళ్ళు కాదు. మంచిదే. కానీ నాకు ఒక్కసారిగా మనుషులంతా మూసిన తలుపుల్లా అయిపోయారు. ఇటు మాట వినపడదు, అటు నోరు కనపడదు. కళ్ళు చూసి సర్దుకోవచ్చనుకున్నాను. ఈ సంగతి కూడా జయంతిభాయ్‌కి చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

పల్సానా నుంచి పద్నాలుగు మంది

ఆ ఏడాది దసరాకు ముందు ఒక ఆదివారం సూరత్ పక్కన పల్సానా నుంచి ఒక గుంపు వచ్చింది. బట్టకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాళ్ళు, పద్నాలుగు మంది, అందరూ మావైపు వాళ్ళే. ఇరవై రెండేళ్ళలో తెలుగువాళ్ళు గుంపుగా రావడం అదే మొదటిసారి. నాకు పట్టరాని సంతోషం. వాళ్ళను తెచ్చింది మేస్త్రీ భూమయ్య. వ్యానులో నా పక్కన, మాస్కు దించుకుని నావైపు తిరిగి కూర్చున్నాడు.

"లాక్‌డౌన్ల పదిహేను మందిమి ఒక్కటే రూముల ఉన్నమన్నా. రెండు నెలలు. కిటికీ తెరిస్తె మిల్లు గోడ. గప్పుడే అనుకున్నం, గిదంత అయిపోయినంక ఒక్కపారన్న ఎత్తుల నిలవడాలె అని."

"పదిహేనంటున్నవ్, పద్నాలుగు మందే ఉన్నరు గద?"

భూమయ్య ఒకసారి కిటికీలోంచి బయటికి చూసి నావైపు తిరిగాడు. "నర్సయ్య ఉండె. ఎండకాలం పోయిండు."

దారిలో బార్డోలీలో టీకి ఆగాం. అక్కడే రాజమల్లును మొదటిసారి సరిగ్గా చూశాను. నలభై ఏడేళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అందరూ నిలబడి టీ తాగుతుంటే అతను బల్ల మీద కూర్చుని తాగాడు. కొండ ఎంత ఎత్తని అడిగాడు. పైన ఏముంటదని అడిగాడు. చూస్తవు గదా అన్నాను. నర్సయ్యతో పాటు అదే వార్డులో, పక్క మంచం మీద తను కూడా పదిహేను రోజులు ఆక్సిజన్ మీద ఉన్నానని మాత్రం చెప్పలేదు. మిల్లు ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు. ఊరికి పోయొచ్చానని చెప్పుకున్నాడు. దమ్ము తగ్గిందని తెలిస్తే పనిలోకి రానివ్వరని అతని భయం. గదిలోని పదమూడు మందికీ తెలుసు. వాళ్ళంతా కలిసి దాచారు.

టీ తాగాక నేను మామూలుగా అడిగే ప్రశ్న అడిగాను. "ఎవలకన్న బీమారి ఉన్నదా? దమ్ము, గుండె, బీపీ?"

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. భూమయ్య అన్నాడు, "తడి బట్టల థాన్లు భుజం మీద మోసెటోళ్ళమన్నా. మాకేం గాదు."

అప్పుడే జయంతిభాయ్ ఫోను. నాకు వినపడదని ఎప్పట్లాగే డ్రైవర్‌కిచ్చాను. డ్రైవర్ నాకు ఎదురుగా నిలబడి, మాస్కు దించి చెప్పాడు. "అంచు దారి చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేశారట. రెండు గంటలు పడుతుందట. వాగు దారిన పట్టుకుపొమ్మంటున్నాడు. మిల్లు మనుషులు గదా, గట్టివాళ్ళే అంటున్నాడు."

జయంతిభాయ్ అలా అనుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు. ఆయన ఎప్పుడూ మిల్లులో నిలబడలేదు. నేను నిలబడ్డాను. పన్నెండేళ్ళు నూలు దూది పీల్చాను. మిల్లు మనిషి భుజం గట్టిగా ఉంటుంది గానీ ఊపిరితిత్తులు ముందే సగం అరిగి ఉంటాయని నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అయినా సరేనన్నాను. మావాళ్ళను రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టడం చిన్నతనమనిపించింది.

వాగులో

ఎనిమిదిన్నరకు వాగులో దిగాం. వానలు తెరిపిచ్చి వారమైంది. నీళ్ళు మోకాలి లోపే ఉన్నాయి గానీ రాళ్ళు పాచి పట్టి జారుతున్నాయి. ఏ రాయి మీద కాలు పెట్టాలో చూపించాలని నేను ముందు నడిచాను. వెనక భూమయ్యను ఉంచాను. సోమాభాయ్ నేర్పినదాన్ని తప్పడం అక్కడ మొదలైంది.

కరోనా భయానికి మాస్కులు ఎవరూ తీయకపోయినా వాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఒకడు నీళ్ళు చల్లుతున్నాడు, ఇంకొకడు ఊరికి వీడియో కాల్ చేద్దామని సిగ్నల్ వెతుకుతున్నాడు. ముప్పావు గంట నడిచాక వెనక్కి తిరిగి చూస్తే రాజమల్లు ఒక బండ మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. కాసేపటికి మళ్ళీ చూశాను. మళ్ళీ లేసు. కొత్త బూట్లు, లేసులు జారుతున్నాయనుకున్నాను. మూడోసారి చూసినప్పుడు అతని చేతులు లేసు మీద ఉన్నాయి గానీ కదలడం లేదు. లేసు ఊడనే లేదు.

వెనక్కి దిగి వెళ్ళాను. "రాజమల్లూ, ఎట్లున్నది?"

మంచిగనే ఉన్నానన్నట్టు తల ఊపి, చేత్తో నడువు నడువు అని సైగ చేశాడు. కళ్ళు నవ్వుతున్నట్టే ఉన్నాయి. నేను వంగి అతని మాస్కు కిందికి లాగాను. నోరు తెరిచే ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి.

ఎక్కడున్నామో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. పైకి ముప్పావు గంట, కిందికి గంట, పక్కకు దారి లేదు.

భూమయ్య దగ్గరికొచ్చి మాస్కు లాగేసుకుని ఒక్కసారిగా ఏడ్చేశాడు. "కరోనా అయ్యిందన్నా ఈనకు. ఆక్సిజన్ మీద ఉండె. చెప్పద్దని మాతోని ఒట్టు వేయిచ్చుకున్నడు."

"ముందుగాల్ల ఎందుకు జెప్పలే?"

"అందరి ముందట అడిగితివి గదన్నా." రాజమల్లు వీపు నిమురుతూ అన్నాడు. "నిన్ను రెండుపార్లు పిలిచిండు. అన్నా, జర ఆగు, అన్నడు. నువ్వు చూడకుంట పోతివి. తొందరున్నదేమో అనుకుని మల్ల లేసి నడిచిండు."

తిట్టుకోవడానికి అప్పుడు టైం లేదు. గట్టిగా నడవగలిగే ఇద్దర్ని కిందికి పంపి, సిగ్నల్ వచ్చిన చోట అంబులెన్సుకు ఫోన్ చేయమన్నాను. రాజమల్లును వాగు మీది గాలి మొహానికి తగిలేలా బండకు ఆనించి కూర్చోబెట్టాం. గట్టు మొదట్లో చేతికందే చోట వెదురు ఉంది. నా సంచిలోని కత్తితో రెండు బొంగులు నరికాం. తిండికి పరుచుకుందామని తెచ్చిన దుప్పటి రెండు పొరలు చేసి బొంగులకు కట్టాం. ఆ పనిలో మాత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ గుంపులో ముగ్గురు నేతపనివాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళు. తెగిన నూలు కట్టే ముడితోనే దుప్పటి అంచులు బిగించారు. ఎంత లాగినా జారలేదు.

ఆరుగురు మోస్తే మిగతావాళ్ళు జారే రాళ్ళ మీద తాము నిలబడి భుజం ఆసరా ఇచ్చారు. పది నిమిషాలకోసారి చేతులు మార్చుకున్నారు. థాన్లు మోసేవాళ్ళమని పొద్దున భూమయ్య అన్నది అబద్ధం కాదు. నేను ఆఖరున, రాజమల్లు మొహం కనపడేలా నడిచాను. అతను ఏదో అంటున్నాడు. పెదవులు చూసి చదివాను. "నౌకరి పోతది."

"పోనియ్. ముందుగాల్ల దమ్ము తీస్కో."

ఎక్కేటప్పుడు గంట పట్టిన దారి దిగడానికి రెండున్నర గంటలు పట్టింది. కింద అంబులెన్సు ఉంది. తాలూకా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక గంటకు పెదవులు కొంచెం ఎర్రబడ్డాయి. అప్పుడు బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని తడి బూట్లు విప్పాను.

ఆమె అడిగినది

రాజమల్లు పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఊపిరితిత్తులు సగం గట్టిపడ్డాయనీ, రంగుల ఆవిరిలో ఇక నిలబడకూడదనీ డాక్టరు చెప్పాడు. మిల్లు పని పోయింది.

మూడో రోజు అతని భార్య ఊరి నుంచి ఫోన్ చేసింది. నంబరు భూమయ్య ఇచ్చాడట. నాకు గొణుగుడు తప్ప ఏమీ తెలియలేదు. మా ఇంటావిడ సుగుణ ఫోను తీసుకుని విని, ఆమె మాటలు ఒక్కొక్కటే నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"మా ఆయనను తోలుకపోయింది మీరేనా అని అడుగుతుంది."

"అవునను."

"మీరు ముందుగాల్ల అడగలేదా అంటుంది. ఆయనకు బాగలేదని."

"అడిగిన అని చెప్పు. టీ హోటల్‌కాడ, అందరిని అడిగిన."

సుగుణ చెప్పింది, విన్నది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది. ఏమన్నదని అడిగాను.

"అందరి ముందట ఎవలన్న చెప్తరా అంటుంది."

ఫోను పెట్టేశాక నేను చొక్కా తొడుక్కుని ఆల్థాన్ పోయి జయంతిభాయ్ ముందు నిలబడ్డాను. నాకు చెవులు వినపడవని చెప్పాను. ఇరవై రెండేళ్ళ కిందట చెప్పాల్సిన మాట.

ఆయన కళ్ళజోడూ మాస్కూ తీసి బల్ల మీద పెట్టాడు. "తెలుసు శంకర్‌భాయ్. మొదటి నెలలోనే తెలిసింది. నీ అంత శ్రద్ధగా మనుషుల్ని చూసేవాడు నాకు ఇంకొకడు దొరకలేదు. అందుకే ఊరుకున్నా."

"మాస్కులొచ్చినంక గూడ ఊరుకున్నరు గద శేఠ్."

ఆయన కళ్ళజోడు తీసుకుని చొక్కా అంచుతో తుడవసాగాడు. తప్పు ఇద్దరం పంచుకోవాల్సిందేనని అప్పుడే అర్థమైంది. ఆయన మంచివాడు. మంచివాళ్ళైన యజమానులు కూడా పని సాగుతున్నంతకాలం తెలిసిన సంగతిని తెలియనట్టే ఉంచుతారు. మీ లోపం మీ యజమాని కనిపెట్టి ఆపుతాడని ఎదురుచూడకండి.

ఇంకొక్క చలికాలం చేశాను, రెండు మార్పులతో. వెనక నడవడానికి బాగా వినపడే మనిషిని ఒకరిని పెట్టించాను. బార్డోలీలో టీ దగ్గర ప్రతి మనిషినీ విడిగా, కాస్త దూరం తీసుకుపోయి అడిగాను. మొదటి ఆదివారమే ఒకామె మూడో నెల అని చెప్పింది, వెంట వచ్చిన మొగుడికే ఇంకా తెలియదట. ఒకాయన గుండెకు స్టెంటు వేయించుకున్నానన్నాడు. ఇంకొకడు ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి, దోస్తుల కోసం వచ్చానన్నాడు. ఇరవై రెండేళ్ళు ఇలాంటివాళ్ళు నా వెనక నడిచి, అదృష్టం కొద్దీ ఇళ్ళకు చేరి ఉంటారు. నా నేర్పు అనుకున్నదాంట్లో ఆ అదృష్టం వాటా ఎంతో నాకు తెలియదు. ఆ చలికాలం అయ్యాక మానేశాను.

గేటు దగ్గర

రాజమల్లు ఇప్పుడు ఆల్థాన్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. జయంతిభాయ్ తెలిసినవాళ్ళతో మాట్లాడి పెట్టించాడు. నేను మానేసిన వారానికి చూడ్డానికి పోయాను. గేటు పక్కన నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ఊరి నుంచి భార్య కూడా వచ్చి అక్కడే గదిలో ఉంటోంది. ఆమె నాకు టీ ఇచ్చి లోపలికి పోయింది.

"తప్పయింది రాజమల్లూ," అన్నాను. "పిలిచినవంట. నాకు వినవడలే. చెవులు పనిజెయ్యవు."

"భూమయ్య చెప్పిండన్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను గూడ దాస్తి గద. నువ్వు పక్కకు పిలిచి అడిగినా చెప్పకపోదునేమో."

"చెప్తువో, చెప్పకపోదువో. నేనైతే అడగలే."

అతను కాదనలేదు. అది నాకు నచ్చింది. ఊరికే ఓదార్చే మాట అని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

టీ అయ్యాక అడిగాడు. "ఇంతకు పైన ఏమున్నదే?"

"పెద్దగ ఏం లేదు. ఎడ్లబండి తిరిగేటంత బండ. గాలి జోరుగ కొడ్తది, తువ్వాల కట్టుకోకుంటె ఎగిరిపోతది."

"చుట్టూ?"

"తూర్పుకు గుట్టలే గుట్టలు, ఒకదాని ఎనక ఒకటి. దగ్గరివి పచ్చగ, దూరంవి నీలంగ. కింద మనం దిగిన వాగు తెల్ల దారం లెక్క కనవడ్తది."

ఒక కారొచ్చి గేటు ముందు ఆగింది. రాజమల్లు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. గేటు తెరిచి, కారు లోపలికి పోయేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుని, మూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఊఁ, పడమటికి?" అన్నాడు. "పడమటికి ఏం కనవడ్తది, చెప్పు."